పలక తిప్పి చూపించండి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం "కాలేజీ విద్యార్థులను ఆకట్టుకోవడానికి ఆన్‌లైన్ సాధనాలు". ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఎందుకు మాట్లాడమన్నారో కూడా చెప్పారు. మన బడిలో టెన్త్ పాసై ఇప్పుడు కాలేజీల్లో చదువుకుంటున్న పిల్లల కోసం స్వర్ణోత్సవ నిధిలో కొంత ఖర్చు పెట్టాలని సంఘం అనుకుంటోంది. ట్యాబ్‌లు కొనిద్దామని కొందరు, ఏదైనా పెద్ద యాప్‌కి చందా కడదామని కొందరు అంటున్నారట. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కాబట్టి, డబ్బు తీసేముందు నా మాట కూడా ఒకసారి వింటే బాగుంటుందని వాళ్ళ ఆలోచన.

ముందుగా ఈ "ఆకట్టుకోవడం" అనే మాటతో నాకు చిన్న పేచీ ఉంది. ఆ పని సినిమా వాళ్ళు మనకంటే బాగా చేస్తారు. రీల్స్ చూసే కుర్రాడి కళ్ళు తెరకు అతుక్కుపోయే ఉంటాయి, రెప్ప కూడా వెయ్యడు. వాడి బుర్రలో ఏం జరుగుతోందో మాత్రం మనకు తెలియదు. అందుకని నేను వేరే లెక్క పెట్టుకున్నాను. గంట కొట్టేసరికి క్లాసులో ఎంతమంది సొంతంగా ఒక జవాబు చెప్పారు? చెప్పినవాళ్ళలో ఎంతమందికి తమ జవాబు తప్పో ఒప్పో, ఎందుకో తెలిసింది? ఏ సాధనం వచ్చినా దాన్ని ఈ లెక్కతోనే తూస్తాను.

తెర మీద పాఠం మనకు కొత్తేం కాదు. మన సంఘం పుట్టిన 1975లోనే, ఆగస్టు 1న, అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా మన దేశంలో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు మొదలయ్యాయి. ఆరు రాష్ట్రాలను ఎంచుకున్నారు, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దవాళ్ళకు కార్యక్రమాలు. ఏడాదిపాటు నడిచింది. 1984లో యూజీసీ కాలేజీ విద్యార్థుల కోసం దూరదర్శన్‌లో పాఠాలు మొదలుపెట్టింది. 2004లో మన శ్రీహరికోట నుంచే చదువు కోసం ప్రత్యేకంగా ఎడ్యుశాట్‌ను పంపారు. ఆ తర్వాత ఎన్‌పీటెల్ పాఠాలు, స్వయం కోర్సులు, యూట్యూబ్ వచ్చాయి. ఈరోజు ఐఐటీ ప్రొఫెసర్ చెప్పే క్వాంటమ్ మెకానిక్స్ మన ఊరి బస్టాండులో కూర్చుని ఉచితంగా వినొచ్చు. మంచి పాఠానికి కరువు తీరిపోయింది. కాబట్టి మనం ఇంకో వెయ్యి వీడియోలు కొనిచ్చినా, ఉన్న సముద్రంలో చెంబుడు నీళ్ళు పోసినట్టే. తెర ఇటువైపు కూర్చున్నవాడు నోరు విప్పడం లేదన్నదే ఇప్పటి కరువు.

ఆ మౌనం గురించి కొంచెం చెప్పాలి. మా కాలేజీకి వచ్చేవాళ్ళలో చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియం. రాష్ట్రంలో డిగ్రీ అంతా 2021-22 నుంచి ఇంగ్లీషు మీడియం అయింది. "ఎనీ డౌట్స్?" అని అడుగుతాం. అరవై తలలూ అడ్డంగా ఊగుతాయి. డౌట్ లేక కాదు. లేచి నిలబడాలి, ఇంగ్లీషులో అడగాలి, మధ్యలో మాట తడబడితే వెనక బెంచీ నుంచి నవ్వు వినిపిస్తుంది. అంత సాహసం చేసి తెలుసుకోవాల్సినంత గొప్ప విషయం ఫిజిక్స్‌లో ఏముందని వాళ్ళ అభిప్రాయం. పద్దెనిమిదేళ్ళ వయసులో మనకైనా అలాగే ఉండేది.

దీనికి మందు మన ఒకటో తరగతిలోనే ఉండేది. టీచరు గారు ఎక్కం అడిగేవారు. అందరం పలక మీద జవాబు రాసి బోర్లా పెట్టేవాళ్ళం. "తిప్పి చూపించండి" అనగానే నలభై పలకలూ ఒక్కసారి పైకి లేచేవి. ఎవరిది తప్పో టీచరు గారికి ఒక్క చూపులో తెలిసిపోయేది. ముందు కూర్చున్నవాళ్ళకు వెనకవాళ్ళ పలక కనబడేది కాదు. లేచి నిలబడే పని లేదు, తప్పించుకునే దారీ లేదు. పై తరగతులకు వెళ్ళేకొద్దీ పలకలు పోయి నోట్సులు వచ్చాయి, జవాబు చెప్పే హక్కు ఫస్ట్ బెంచీకి దఖలు పడింది. నేను కాలేజీలో వాడే ఆన్‌లైన్ సాధనాల్లో సగానికి సగం ఆ పలకను తిరిగి తెచ్చుకోవడానికే.

ఎలాగో ఒక ప్రశ్నతో చెబుతాను. రాయిని నిట్టనిలువుగా పైకి విసిరాం. సరిగ్గా శిఖరానికి చేరిన క్షణంలో దాని త్వరణం ఎంత? సున్నా, 9.8 కిందకి, 9.8 పైకి, చెప్పలేం, ఈ నాలుగూ జవాబులు. పిల్లలు ఫోన్లో ఒకటి నొక్కుతారు. పేర్లు కనబడవు. ఎంతమంది ఏది నొక్కారో తెర మీద గీతలుగా లేస్తుంది. ప్రతి ఏడాదీ సున్నా గీతే తాటిచెట్టులా లేస్తుంది. ఇదే పిల్లలు ఇంటర్‌లో ఈ చాప్టర్ లెక్కలు చకచకా చేసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు.

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ఆచార్యుడికీ ఇదే ఎదురైంది. కఠినమైన లెక్కలు చేసే తన విద్యార్థులు మామూలు ప్రశ్న దగ్గర బోల్తా పడుతున్నారు. 1990 ప్రాంతంలో ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ప్రశ్న వేసి ఓటు అడగాలి. జవాబు చెప్పకుండా, పక్కవాడిని ఒప్పించమనాలి. మళ్ళీ ఓటు అడగాలి. మొదట్లో ఆయన చేతులు ఎత్తించాడు, అట్టముక్కలు చూపించమన్నాడు, యంత్రాలు తర్వాత వచ్చాయి. నేనూ ఆ దారే పట్టాను. చిన్న మార్పు ఒకటి చేశాను. పక్కవాడితో మాట్లాడే ఆ రెండు మూడు నిమిషాలూ ఏ భాషలోనైనా మాట్లాడుకోవచ్చు.

అప్పుడు చూడాలి మా క్లాసు. సంతే. ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు తలుపు దగ్గరికి వచ్చి చూసి వెళ్ళారు. "పైన ఆగింది కదరా, ఆగితే సున్నాయే కదా" అని ఒకడు. "ఆగింది వేగంరా, త్వరణం కాదు" అని ఇంకొకడు. అప్పుడు మూడో వరసలోంచి ఒకమ్మాయి, ఆ ఏడాది అంతవరకు నేను గొంతు వినని అమ్మాయి, పక్కమ్మాయితో అంది: "వేగమూ సున్నా, త్వరణమూ సున్నా అయితే అదింక ఎందుకు కిందకి వస్తదే? అక్కడే ఉండిపోవాల కదా!"

పాఠం అయిపోయింది. నేను చెప్పడానికి ఇంకేం మిగల్లేదు. రెండోసారి ఓటు పెడితే గీతలు తారుమారయ్యాయి. ఆ మాట నేను చెప్పి ఉంటే నోట్సులో రాసుకునేవాళ్ళు. పక్కమ్మాయి చెప్పింది కాబట్టి వాదించి మరీ ఒప్పుకున్నారు. ఇంగ్లీషులోనే మాట్లాడాలని నియమం పెడితే ఆ మాట పుట్టేదే కాదని నా నమ్మకం.

ఇక్కడ ఫోన్ చేసిందేమిటి? మొదటి ఓటు వేయించింది, అంతే. కానీ ఆ ఓటు లేకపోతే వాదనే లేదు. తన జవాబు ముందే నొక్కేసినవాడికి పందెం కట్టినట్టుంటుంది. గెలిచానో ఓడానో తెలిసేదాకా కదలడు.

అందరికీ ఫోన్లు ఉండవు కదా అంటారు. దానికి ప్లికర్స్ అని ఒకటుంది. పిల్లల చేతిలో ఉండేది కాగితం మీద అచ్చువేసిన గళ్ళబొమ్మ. ఏ జవాబైతే ఆ అంచు పైకి వచ్చేలా తిప్పి పట్టుకోవాలి. మాస్టారు తన ఫోన్ కెమెరాను క్లాసు మీదుగా ఒకసారి తిప్పితే ఎవరు ఏ జవాబు పట్టుకున్నారో లెక్క వచ్చేస్తుంది. ఒక్కొక్కరి బొమ్మ ఒక్కో రకం కాబట్టి పక్కవాణ్ణి చూసి కాపీ కొట్టే వీలు తక్కువ. క్లాసంతటికీ ఒక్క ఫోన్ చాలు. అచ్చంగా మన పలకే, కాస్త డిగ్రీ చదివింది.

కహూత్ అని పోటీ ఆట ఒకటుంది, పిల్లలకు చాలా ఇష్టం. సంగీతం వస్తుంది, మార్కులు పెరుగుతుంటాయి, చివర్లో మొదటి ముగ్గురినీ మెట్ల మీద నిలబెట్టి చూపిస్తుంది. శనివారం మధ్యాహ్నం నిద్ర వదిలించడానికి మంచిదే. కానీ మామూలుగా ఆడితే తొందరగా నొక్కినవాడికి ఎక్కువ మార్కులు. ఆలోచించేవాడు వెనకబడతాడు. ఫస్ట్ బెంచీ మళ్ళీ రాజ్యానికొస్తుంది. అందుకని నేను పెద్దగా వాడను.

ఇక ప్రయోగశాల. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు ఫెట్ పేరుతో ఉచితంగా ఇచ్చే బొమ్మ ప్రయోగాలున్నాయి, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. వాటిని మొదలుపెట్టిన కార్ల్ వీమన్ 2001లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నవాడు. తెర మీద బ్యాటరీ, వైర్లు, బల్బులు కలిపి సర్క్యూట్ కట్టొచ్చు. ఒకేలాంటి రెండు బల్బులు వరసగా కడితే బ్యాటరీకి దగ్గరగా ఉన్నదే ఎక్కువ వెలుగుతుందని చాలామంది అనుకుంటారు. మొదటి బల్బు కరెంటు కొంత తినేసి మిగిలింది రెండోదానికి పంపుతుందని ఊహ, పైనుంచి కాలవ నీళ్ళు పారినట్టు. అందులో ఎలక్ట్రాన్లు చుక్కలుగా కదులుతూ కనిపిస్తాయి. రెండు బల్బుల్లోనూ ఒకే నడక. చూశాక ఊహ మార్చుకోక తప్పదు. బ్యాటరీ రెండు కొసలూ నేరుగా కలిపితే మంటలు లేస్తాయి, మా వాళ్ళు అందరూ ముందు చేసేది అదే. చెయ్యనివ్వండి. అసలు ల్యాబ్‌లో చెయ్యకుండా ఉంటారు.

అలాగని అసలు ల్యాబ్‌కి తాళం వేస్తే ఒప్పుకోను. తెర మీద వైరు ఎప్పుడూ లూజు కాదు. గాల్వనోమీటర్ ముల్లు ఎదురు దిక్కుకి కొట్టుకోదు. కనెక్షన్ ఎక్కడ పోయిందో గంటసేపు వెతికి పట్టుకున్నవాడికి తెలిసేది తెర నేర్పలేదు.

నాకు అన్నింటికంటే నచ్చిన సాధనం ఫైఫాక్స్. జర్మనీలో ఆకెన్ నగరంలోని విశ్వవిద్యాలయం వాళ్ళు చేసి ఉచితంగా ఇచ్చిన యాప్. మన జేబులో ఉన్న ఫోన్లో త్వరణం కొలిచే చిప్పు ఉంది, శబ్దం వినే మైకు ఉంది, చాలా ఫోన్లలో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేదీ ఉంది. పటం తిప్పితే తెర తిరిగేది ఆ మొదటి చిప్పు వల్లే. ఆ కొలతలన్నీ ఈ యాప్ గ్రాఫుగా గీసి చూపిస్తుంది. అంటే ప్రతి పిల్లవాడి జేబులోనూ ఒక చిన్న ల్యాబ్ ఉంది. మనం దాన్ని గేటు దగ్గరే లాక్కుంటున్నాం.

మొన్నటి రాయి ప్రశ్న తర్వాత ఒక కుర్రాడు, బుద్ధిమంతుడని ఎవరూ అనని కుర్రాడు, హాస్టల్లో తన ఫోన్‌ని పైకి విసిరి దుప్పట్లో పట్టాడు. నలుగురు స్నేహితులు దుప్పటి నాలుగు కొసలూ పట్టుకున్నారట. మర్నాడు గ్రాఫు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "సార్, బల్ల మీద ఉన్నప్పుడు 9.8 చూపించింది. గాల్లో ఉన్నంతసేపూ సున్నా. పైకెళ్ళేటప్పుడు, పైన, దిగేటప్పుడు, అంతా సున్నాయే. మీరేమో పైన కూడా 9.8 అన్నారు. మా గీత తాటిచెట్టంత లేచింది ఊరికే కాదు సార్."

ఇంత మంచి ప్రశ్న సిలబస్‌లో ఎక్కడా లేదు. నేను జవాబు చెప్పలేదు. గ్రాఫు ఫొటో తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టి, "ఎవరు కరెక్ట్? ఫోనా, నేనా?" అని అడిగాను. మామూలుగా నేను ఏం పెట్టినా దండాల బొమ్మలు తప్ప ఏమీ రాని గ్రూపు అది. ఆ రాత్రి పదకొండున్నర దాకా మోగుతూనే ఉంది. ఒకడు లిఫ్టులో కిందకి దిగేటప్పుడు కొలిచి పెట్టాడు. ఇంకొకడు ఫోన్ పగిలిపోతే ఎవరు ఇస్తారని లెక్చర్ ఇచ్చాడు. మూడో రోజున జవాబు జాతరలోంచి వచ్చింది. జెయింట్ వీల్ పైనుంచి దిగేటప్పుడు కడుపులో తేలిపోయినట్టు ఉంటుంది కదా, ఫోన్లో చిప్పుకి కూడా అలాగే అనిపిస్తుంది సార్, అన్నాడు ఒకడు. సరిగ్గా అంతే. చిప్పులో సన్నటి తీగల మీద ఒక చిన్న బరువు వేలాడుతూ ఉంటుంది. బల్ల మీద ఉన్నప్పుడు ఆ బరువు కిందకి సాగుతుంది, ఆ సాగడాన్నే చిప్పు కొలుస్తుంది. గాల్లో ఫోనూ, బరువూ కలిసి పడుతున్నాయి, ఇక సాగేదేముంది? ఫోన్ చూపించిన సున్నా నిజమే, రాయి త్వరణం 9.8 అన్నదీ నిజమే. రెండూ కొలిచేవి వేరు. అక్కణ్ణుంచి అంతరిక్ష కేంద్రానికి వెళ్ళాం. 400 కిలోమీటర్ల ఎత్తున గురుత్వాకర్షణ నేల మీద ఉన్నదాంట్లో సుమారు 90 శాతం ఉన్నా వాళ్ళు తేలుతున్నారంటే, వాళ్ళూ మా వాడి ఫోన్ లాగే ఎడతెగకుండా పడుతూనే ఉన్నారన్నమాట. ఆ వారం క్లాసులో అటెండెన్స్ గురించి ఎవరూ అడగలేదు.

ఇంటి దగ్గర పరిస్థితి వేరు, అది కూడా చెప్పాలి. 2020లో లాక్‌డౌన్ వచ్చాక అందరం నల్లటి డబ్బాలకు పాఠాలు చెప్పాం. "వినిపిస్తోందా?" అన్నదే ఆ ఏడాది అన్ని సబ్జెక్టుల్లోనూ ఎక్కువగా చెప్పిన పాఠం. సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు ఎక్కినవాళ్ళున్నారు. ఇంట్లో ఒక్కటే ఫోన్ ఉంటే అది నాన్నతో పొలానికి పోయేది. ఇప్పటికీ చాలామంది ఆడపిల్లలకు ఫోన్ చేతికొచ్చేది రాత్రి తొమ్మిది తర్వాత, తమ్ముడి గేమ్ అయ్యాక. సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర లోపు క్విజ్ రాయాలని పెట్టామంటే ఆ అమ్మాయిని మనమే పరీక్షలోంచి తీసేసినట్టు. అందుకని నేనేం ఇచ్చినా రెండు రోజుల గడువు ఉంటుంది. పెద్ద వీడియోలు పంపను. ఎనిమిది నిమిషాల వాయిస్ మెసేజ్‌కి ఒకటి రెండు ఎంబీలు చాలు, వంట చేస్తూ కూడా వినొచ్చు.

ప్రతి శుక్రవారం పేరు అడగని గూగుల్ ఫామ్ ఒకటి పంపుతాను. ఒకటే ప్రశ్న: "ఈ వారం అర్థం కానిది ఒక్కటి రాయండి." మొదటి వారం ఒకరు రాశారు, "అంతా సార్" అని. తర్వాత్తర్వాత దారిలో పడ్డారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు, చదవడానికి కళ్ళు నొప్పి పుడతాయి కానీ ప్రశ్నలు మాత్రం నిఖార్సైనవి. సోమవారం మొదటి పది నిమిషాలు వాటికే. తన ప్రశ్న నేను చదువుతున్నప్పుడు దాన్ని రాసినవాడు ఎంత అమాయకంగా మొహం పెట్టుకుని కూర్చుంటాడో చూడాలి.

ఇక అందరూ అడిగేది చాట్‌జీపీటీ గురించి. 2022 నవంబరు చివర్లో అది వచ్చింది. ఆ మరుసటి ఏడాది నుంచి మా పిల్లల అసైన్‌మెంట్లు ఒక్కసారిగా ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషులోకి వెళ్ళిపోయాయి. దొంగను పట్టుకునే యంత్రాల మీద నాకు నమ్మకం లేదు. నేను రాతపని తగ్గించి నోటిపని పెంచాను. ఒక్కొక్కరూ మూడు నిమిషాలు తమ గొంతుతో ఒక విషయం వివరించి రికార్డు చేసి పంపాలి. తెలుగులోనైనా సరే. మీ అమ్మకో, తమ్ముడికో చెబుతున్నట్టు చెప్పండి అంటాను. యంత్రం రాసిచ్చింది చదివితే పది సెకన్లలో తెలిసిపోతుంది, గొంతు పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. నిజంగా అర్థమైనవాడు మధ్యలో ఆగుతాడు, "ఉండండి, మళ్ళీ చెప్తాను" అంటాడు. ఆ "మళ్ళీ చెప్తాను" దగ్గరే చదువు ఉంది. విన్నాక నేను ఒక్క ప్రశ్న తిరిగి పంపాలి. అది వస్తుందని తెలిస్తేనే వాళ్ళు మనసుపెట్టి చెబుతారు.

చిక్కు ఇక్కడే ఉంది. అరవై మంది, మూడేసి నిమిషాలు. అంటే వారానికి మూడు గంటలు వినడానికే. నాకు నాలుగు సెక్షన్లు. పన్నెండు గంటలు. ఏ మాస్టారి వల్లా కాదు, అందుకని నెలకొకసారి చేయిస్తున్నాను. వారం వారం చెయ్యగలిగితే ఈ పిల్లలు ఎక్కడికి వెళ్ళేవాళ్ళో నాకు తెలుసు.

కాబట్టి సంఘానికి నా మనవి. ట్యాబ్‌లు వద్దు. రెండేళ్ళలో బ్యాటరీ పోయి బీరువాలో పడతాయి. మీ ఇళ్ళల్లో సొరుగుల్లో పనిచేస్తూ పడున్న పాత ఫోన్లు ఇవ్వండి. సిమ్ లేకపోయినా ఫైఫాక్స్ నడుస్తుంది, దుప్పట్లోకి విసరడానికి భయం కూడా ఉండదు. రీఛార్జికి ఇబ్బంది పడే పిల్లల జాబితా కమిటీ దగ్గర ఉంది, నిధిలో కొంత దానికి పెట్టండి. ప్లికర్స్ కార్డులు అచ్చువేసి లామినేషన్ చేయించడానికి పెద్ద ఖర్చు కాదు, మన బడికి కూడా ఒక కట్ట ఇద్దాం.

మిగిలింది డబ్బుతో వచ్చేది కాదు. నాకు చెవులు కావాలి. ఈ హాల్లో బ్యాంకు వాళ్ళున్నారు, ఇంజనీర్లున్నారు, రిటైరైన మాస్టార్లున్నారు, డల్లాస్ నుంచి, దుబాయ్ నుంచి వచ్చినవాళ్ళున్నారు. ఒక్కొక్కరు ఇద్దరు పిల్లలను తీసుకోండి. వారానికి ఆరు నిమిషాలు వాళ్ళ రికార్డింగ్ వినండి, ఒక్కొక్కరికి ఒక్క ప్రశ్న తిరిగి పంపండి. కారు నడుపుతూ వినొచ్చు, ప్రశ్న మాత్రం దిగాక పంపండి. ఫిజిక్స్ రాకపోతే మరీ మంచిది, "నాకర్థం కాలేదు, ఇంకోసారి చెప్పు" అన్నదే మీ ప్రశ్న. ఒకటే షరతు. వాళ్ళ ఇంగ్లీషు దిద్దకండి, ఉద్యోగాల గురించి సలహాలు ఇవ్వకండి. వినండి, అడగండి. ఆడపిల్లల రికార్డింగులు మహిళా సభ్యులకే పంపుతాం, అన్నీ కమిటీ నంబరు ద్వారానే నడుస్తాయి, ఎవరి ఫోన్ నంబరూ ఎవరికీ వెళ్ళదు.

బయట రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఎర్ర అట్ట నోటు పుస్తకం పెట్టించాను. పేరు, బ్యాచ్, వారంలో మీకు వీలైన రోజు రాయండి చాలు. భోజనాల క్యూ దాని పక్కనుంచే వెళ్తుంది, అది కావాలనే అలా పెట్టించాను. మా లెక్కల మాస్టారి పేరు అందులో మొదటి వరసలో ఇప్పటికే ఉంది. ఆయనకు ఎనభై దాటాయి. తనకు ఇద్దరు చాలరు, నలుగురు కావాలన్నారు.

సెలవు.